మ్యాట్నీకి మాత్రమే మూగబోయే మిషను

తిరువూరు రేకుల హాల్లో మరియదాసు పన్నెండేళ్ళుగా ఆపరేటరు. సినిమాకొచ్చేవాళ్ళకి హీరో పేరు తెలుసు, గేటు దగ్గర టికెట్లు చింపేవాడి పేరు తెలుసు, ఆఖరికి సోడాలమ్మే అక్కమ్మ పేరు కూడా తెలుసు. పైన కేబిన్‌లో కూచుని బొమ్మ ఆడించే మనిషి పేరు మాత్రం ఎవరికీ పట్టదు. బొమ్మ సవ్యంగా ఆడినన్నాళ్ళూ పట్టాల్సిన పని కూడా లేదు. 1978 మే నెలలో ఆ పేరు ఊరందరి నోళ్ళలోనూ పడింది. అదీ కల్లుముంతతో కలిపి.

సంగతేమిటంటే, మ్యాట్నీలో ఇంటర్వెల్ అయ్యాక సౌండు రావడం మానేసింది. తెర మీద బొమ్మ శుభ్రంగా కదులుతుంది. హీరోయిన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని పెదాలు ఆడిస్తుంది. మాట మాత్రం వినపడదు. నేల టికెట్టు జనం ఊరుకుంటారా? ఎ.కొండూరు నుంచి ఎండలో నడిచొచ్చినవాళ్ళు వాళ్ళు. ఎవడో హీరో తరఫున తనే మాట్లాడటం మొదలుపెడతాడు, ఇంకొకడు ఆడగొంతుతో జవాబు చెబుతాడు, అందరూ పడీ పడీ నవ్వుతారు. పది నిమిషాలు పోయాక ఆ నవ్వులే ఈలలవుతాయి, ఈలలు బెంచీల మీద బాదుళ్ళవుతాయి. ఆ నెలలో అప్పటికి నాలుగుసార్లు అట్లా జరిగింది.

వింతేమిటంటే, అదే మిషను సాయంత్రం ఫస్టు షోకి ఏమీ ఎరగనట్టు చక్కగా పలికేది.

ఆ సౌండు మిషను కొత్తది. ఉగాదికి హాలు ఓనరు వీరరాఘవయ్య పాత వాల్వుల మిషను తీయించి, బెజవాడ నుంచి ట్రాన్సిస్టర్లది తెప్పించాడు. దాన్ని బిగించిన మెకానిక్ శంకరనారాయణ నెమ్మదస్తుడు, పని తెలిసినవాడు. స్విచ్చి వేసి మరియదాసుకి చూపిస్తూ, "ఇది వెంటనే పలకదు. లోపల అన్నీ కుదురుకున్నాక, పది లెక్కపెట్టేసరికి టక్కుమంటుంది. అప్పుడు స్పీకర్లకి సౌండు వదుల్తుంది. ఒక్కసారిగా వదిలితే స్పీకర్లు చిరిగిపోతాయి," అని చెప్పాడు. పైమూత బిగించి స్క్రూ మీద లక్కతో సీలు వేశాడు. "ఈ సీలు ఎవరన్నా పగలగొడితే నాకు పూచీ లేదండోయ్," అని కిందికొచ్చి ఓనరుకి మరీ మరీ చెప్పి బస్సెక్కాడు.

నాలుగుసార్లలో రెండుసార్లు ఆయన్ని పిలిపించారు. కబురు అంది, బెజవాడలో బస్సెక్కి, తిరువూరులో దిగేసరికి దీపాలు పెట్టేవేళ అయ్యేది. స్విచ్చి వేసేవాడు. పది లెక్కపెట్టేలోగా టక్. తెల్లారాక మళ్ళీ చూసేవాడు. టక్. "మిషను రాయిలా ఉందండీ, దీన్లో లోపమేం లేదు," అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయేవాడు.

మిషనులో లోపం లేకపోతే మరి లోపం ఎవరిలో ఉన్నట్టు? రెండోసారి మెకానిక్ వెళ్ళిన మర్నాడు వీరరాఘవయ్య, ఆఫీసు గది ముందు నలుగురూ వింటుండగా, మరియదాసుని నిలదీశాడు.

"పొద్దున పలుకుద్ది, రాత్రి పలుకుద్ది. మ్యాట్నీకే మూగబోయే మిషను ఎక్కడుందిరా? మధ్యాహ్నం పూట కల్లు తాగి మత్తులో ఏం తిప్పుతున్నావో ఏం పాడో! చెడింది మిషను కాదు, నువ్వు."

"అయ్యగారూ, నేను కల్లు ముట్టనండి."

"ఈ ఆదివారం కొత్త సినిమా. గంపలగూడెం నుంచీ, అటు నుంచీ జనం బళ్ళు కట్టుకుని వస్తారు. ఆ మ్యాట్నీలో మాట ఆగిందంటే నువ్వు మెట్లు దిగి మళ్ళీ ఎక్కక్కర్లేదు. నూజివీడు కుర్రాడికి కబురు పెట్టాను."

మరియదాసు తల వంచుకుని నిలబడ్డాడు. పని పోతుందన్న మాట కన్నా కల్లు మాట అతనికి ఎక్కువ గుచ్చుకుంది. తండ్రి కల్లు తాగి తాగి పోతే, శవం దగ్గర కూచుని ఒట్టు పెట్టుకున్న మనిషి అతను. ఆ ఒట్టు సంగతి చర్చిలో అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ చర్చిలో కూడా ఒకరిద్దరు అతని వైపు అదోలా చూడటం మొదలుపెట్టారు.

ఆ రోజు ఇంటికెళ్ళి భార్య రిబ్కాతో అన్నాడు, "పని పోతే కూలికెళ్తాను. కానీ తాగుబోతని పేరు పెట్టించుకుని దిగనే."

రిబ్కా అప్పుడే మామిడితోటలో గంపలు మోసి వచ్చింది. "అయితే ఏడవకుండా ఆలోచించు. పాడైన రోజులు సరే, బాగున్న రోజు ఒక్కటన్నా లేదా?" అంది.

ఉంది. మొన్న మంగళవారం గాలివాన పడింది. ఆ రోజు మ్యాట్నీలో సౌండు ఆగలేదు. మరియదాసు గోడకి ఆనుకుని కూచుని రోజులన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. పొద్దున చల్లన, పలుకుతుంది. వాన పడితే చల్లన, పలుకుతుంది. ఎండ నిప్పులు చెరిగిన నాలుగు రోజులూ మూగబోయింది. అంటే వేడి. కేబిన్ పైన రేకు, పక్కన బొమ్మకి వెలుగిస్తూ భగభగా మండే కార్బన్ కడ్డీలు, గాలి రావడానికి తలుపు తప్ప దారి లేదు. మ్యాట్నీలో అందులో చొక్కాతో కూచోవడం ఎవరి తరమూ కాదు. మిషను మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటుంది.

మరి ఇంటర్వెల్‌కి ముందు కూడా అంత వేడే గదా? ఇంటర్వెల్ గంట కొట్టే నిమిషం దాకా అది ఖణేల్‌మని పలుకుతూనే ఉంటుంది. పది నిమిషాల తర్వాత మూగబోతుంది. ఆ పది నిమిషాల్లో దానికేమవుతోంది? ఏం జరుగుతోంది అక్కడ?

ఆలోచించి ఆలోచించి తల ప్రాణం తోకకొచ్చాక తట్టింది. తట్టగానే గుండెల్లో రాయి పడింది. ఆ పది నిమిషాల్లో జరిగేది ఒక్కటే. మిషనుని తనే ఆపుతున్నాడు.

అది అతనికి గురువు వెంకటప్పయ్య నేర్పిన పద్ధతి. పాత మిషనులో వాల్వులనే గాజు బుడ్లు ఎర్రగా కాగిపోయేవి. "ఇంటర్వెల్‌లో దాన్ని కాసేపు ఊపిరి పీల్చుకోనియ్యరా, పదికాలాలు బతుకుద్ది," అనేవాడు వెంకటప్పయ్య. ఇంటర్వెల్ కొట్టగానే స్విచ్చి ఆపి, తాటాకు విసనకర్రతో మిషనుకి విసరడం మరియదాసుకి అలవాటైపోయింది. ఆ పాత మిషను ఒక్క వాల్వు తప్ప మార్చకుండా పన్నెండేళ్ళు నడిచిందని అతనికి ఎంతో గర్వం. కొత్తదాన్నీ అట్లాగే చూసుకున్నాడు. పైగా కొత్తది కదా అని ఇంకాస్త ఎక్కువగా విసిరాడు. ఆ విసురు మూతకే తగిలింది గానీ లోపలికి వెళ్ళలేదు.

శుక్రవారం మ్యాట్నీలో ఇంటర్వెల్ గంట మోగింది. చెయ్యి అలవాటు కొద్దీ స్విచ్చి మీదికి పోయింది. లాక్కున్నాడు. పది నిమిషాలూ ఆపకుండా వదిలేశాడు. రెండో సగం మొదలైంది. సౌండు వచ్చింది! శనివారం కూడా వచ్చింది. నడుస్తున్నంతసేపూ దానికి వేడి ఒక లెక్క కాదు, ఆగి మళ్ళీ మొదలవ్వడమే దాని చేత కావడం లేదు.

"పోయి అయ్యగారికి చెప్పు," అంది రిబ్కా.

"ఏమని చెప్పను? ఇన్నాళ్ళూ నా చేత్తో నేనే ఆపానని చెప్పనా? మత్తులో ఆపావంటాడు. ఇక ఆపను గదా, గొడవ వదిలిపోయింది."

రిబ్కా పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. మరియదాసుకి మాత్రం లోపల ఏదో పీకుతూనే ఉంది. నిజం తెలిసీ దాచుకోవడం అతనికి అలవాటు లేని పని.

ఆదివారం వచ్చింది. పొద్దున పది గంటలకే రోడ్డు మీద తారు మెత్తబడింది. మ్యాట్నీ వేళకి హాలు ముందు ఎడ్లబళ్ళు విప్పి ఉన్నాయి. లోపల ఇసుక వేస్తే రాలనంత జనం. ఆఫీసు గదిలో నూజివీడు నుంచి వచ్చిన ఆదిశేషయ్య, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సోడా తాగుతూ కూచున్నాడు. మరియదాసు కేబిన్ ఎక్కుతూ అతన్ని చూశాడు. చూసీ చూడనట్టు ఎక్కేశాడు.

మొదటి సగం బ్రహ్మాండంగా ఆడింది. ఇంటర్వెల్‌లో మరియదాసు స్విచ్చి జోలికి పోలేదు. రెండో సగం మొదలై, సౌండు వచ్చి, కింద ఈలలు పడేసరికి "దేవా!" అనుకుని బనీను పిండుకున్నాడు. ఇంకో గంట గడిస్తే గండం గట్టెక్కినట్టే.

గంట గడవలేదు. పావుగంటకే కరెంటు పోయింది.

హాలంతా చీకటి, ఒక్కసారిగా కేకలు. వెనక షెడ్డులో డీజిలింజను తిప్పే ఏసురత్నం హ్యాండిల్ పట్టుకుని పరిగెత్తాడు. అయిదు నిమిషాలకి ఇంజను అందుకుంది. మరియదాసు కార్బన్లు వెలిగించాడు. తెర మీద బొమ్మ పడింది. జనం హమ్మయ్య అన్నారు. సౌండు మిషను స్విచ్చి వేసి లెక్కపెట్టాడు. ఎనిమిది, తొమ్మిది, పది. చప్పుడు లేదు. ఇరవై. ముప్ఫై. లేదు.

ఇంటర్వెల్‌లో తను ఆపకపోతే చాలనుకున్నాడు గానీ, కరెంటోళ్ళు ఆపుతారని అనుకోలేదు.

కింద మొదలైంది. ముందు నవ్వులు, తర్వాత ఈలలు, ఆ పైన బెంచీలు. ఒక రాయి రేకు మీద ధనామని పడింది. ఇనప మెట్ల మీద అడుగుల చప్పుడు వినపడింది. వీరరాఘవయ్య మోకాళ్ళ నొప్పుల మనిషి, కేబిన్ కట్టించిననాడు ఎక్కినవాడు మళ్ళీ ఎక్కలేదు. ఇప్పుడు ఆయాసపడుతూ ఎక్కి వచ్చాడు. వెనకాలే ఆదిశేషయ్య.

"లే అక్కణ్ణుంచి!" అని అరిచాడు వీరరాఘవయ్య. "ఇంక నువ్వు ముట్టుకోకు. ఆదిశేషయ్యా, చూడు."

ఆదిశేషయ్య లోపలికి అడుగు పెట్టి, ఆ సెగకి మొహం పక్కకి తిప్పుకున్నాడు. స్విచ్చి రెండుసార్లు వేసి తీశాడు. "స్పీకర్లు పోయినట్టున్నాయండి," అన్నాడు.

మరియదాసు లేచాడు గానీ పక్కకి తప్పుకోలేదు. ఫిల్ము తుడిచే దూదీ, స్పిరిటు సీసా అలమర్లోంచి తీశాడు. స్పిరిటు పక్కన నిప్పు ఉండకూడదని ముందు కార్బన్లు ఆర్పేశాడు. తెర మీద ఉన్న ఆ కాస్త బొమ్మ కూడా పోయేసరికి కింద జనం గొల్లుమన్నారు.

"ఏం చేస్తున్నావురా? మతి పోయిందా నీకు?"

"పది నిమిషాలు అయ్యగారూ. పది నిమిషాలు ఇవ్వండి. ఆ తర్వాత నేనే దిగిపోతాను."

స్క్రూడ్రైవరు సీలు మీద పెట్టాడు.

"ఆ సీలు ముట్టుకోకు! మెకానిక్ పూచీ పోద్ది!"

మరియదాసు జీవితంలో మొదటిసారి ఆ మనిషి మాట వినలేదు. లక్క పెళ్ళలుగా రాలింది. మూత తీశాడు. లోపల ఏముందో అతనికి తెలియదు, దాన్లోని ఒక్క ముక్క పేరు కూడా సరిగ్గా రాదు. తెలిసింది ఒక్కటే. వీటిలో ఏదో ఒకటి వేడికి ఓర్చుకోలేకపోతోంది. చల్లబడితే పలుకుతుంది. ఏది చల్లబడితే పలుకుతుందో అదే దొంగ.

పెద్ద ట్రాన్సిస్టర్లు రేకుల పలకలకి బిగించి ఉన్నాయి. అవే బాగా కాలుతున్నాయి గనక అవే అయుండాలనుకున్నాడు. స్పిరిటులో ముంచిన దూది వాటిమీద అద్దాడు. సుయ్యిమంది. నోటితో ఊదాడు. స్విచ్చి వేశాడు. పది. ఇరవై. లేదు.

ఇంకో రాయి రేకు మీద పడింది. కింద గేటు దగ్గర ఎవరో తలుపు తన్నుతున్నారు.

పక్కన నల్లటి చిన్న పెట్టె ఉంది, టక్కుమనేది అదే. దానికి దూది చుట్టి, స్పిరిటు పోసి, ఊదాడు. వేశాడు. పది. ఇరవై. లేదు.

"చాల్లే, ఇక దిగు," అన్నాడు వీరరాఘవయ్య. గొంతు పొడారిపోయి ఆ కేక సగమే వచ్చింది. ఆయన తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు. చొక్కా వంటికి అంటుకుపోయింది.

మరియదాసు కళ్ళలోకి చెమట కారుతోంది. తుడుచుకునే ఓపిక లేదు. శంకరనారాయణ ఆ రోజు చెప్పిన మాట చెవిలో తిరుగుతోంది. అన్నీ కుదురుకున్నాక, పది లెక్కపెట్టేసరికి. అంటే లోపల ఎవరో లెక్కపెట్టేవాడు ఉండాలి గదా? పది దాకా లెక్కపెట్టి, అప్పుడు టక్కుమనమని చెప్పేవాడు? వేడికి వాడు లెక్క తప్పుతున్నాడేమో!

చూపుడువేలితో ఒక్కొక్క ముక్కనే తాకుతూ పోయాడు. వేలు చురుక్కుమన్నా ఆపలేదు. పెద్ద పలకకి దాదాపు ఆనుకుని, కిందుగా, చిటికెన వేలంత నీలిరంగు గొట్టం ఒకటి కనపడింది. దాని రెండు తీగల్లో ఒకటి నేరుగా నల్లపెట్టె వైపు పోతోంది. అంత కాలే పలక పక్కన దీన్నెందుకు ఇరికించారో! దానికి దూది చుట్టాడు. సీసాలో అడుగున మిగిలిన స్పిరిటంతా పోసేశాడు. ఊపిరంతా బిగబట్టి ఊదాడు. దూది చల్లబడటం వేలికి తెలిసింది.

"ఇదే ఆఖరండి," అని స్విచ్చి వేశాడు.

ఎనిమిది. తొమ్మిది. పది. లేదు. పదకొండు. వీరరాఘవయ్య వెనక్కి తిరిగాడు. పన్నెండు. పదమూడు.

టక్.

స్పీకర్లలోంచి బుస్సుమని సన్నటి చప్పుడు వచ్చింది. దానికే కింద జనం నోళ్ళు మూతపడ్డాయి. మరియదాసు స్పిరిటు తడి ఆరేదాకా ఆగి, కార్బన్లు వెలిగించి, ఫిల్ము వదిలాడు. హీరో ఏదో ప్రశ్న అడిగాడు, హీరోయిన్ తన గొంతుతో తనే జవాబు చెప్పింది. కింద హాలు కూలిపోయేలా చప్పట్లు. మరియదాసు స్టూలు మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడిచాడు. చెమటలో అది ఎవరికీ తెలియలేదు.

కాసేపటికి వీరరాఘవయ్య అడిగాడు, "ఆ గొట్టం వేడెక్కితే రావట్లా. సరే. ఇప్పుడంటే కరెంటు పోయింది. మరి మొన్నటిదాకా కరెంటు పోకుండా ఎట్టా ఆగిందిరా?"

ఇక్కడ మరియదాసు ఒక్క ముక్క చెబితే చాలు. మిషను పాపం, మిషను దోషం అంటే అయిపోయేది. దొంగ ఎటూ దొరికాడు, కొత్త ఆపరేటరు సాక్షిగా దొరికాడు.

"ఆపింది నేనేనండి," అన్నాడు. "ఇంటర్వెల్‌లో దానికి విశ్రాంతి ఇద్దామని రోజూ నేనే ఆపేవాణ్ణి. పాతదానికి అట్టాగే చేసేవాణ్ణి. దీనికది పడదని మొన్న శుక్రవారం తెలిసింది."

"తెలిస్తే నాకెందుకు చెప్పలా?"

"చెబితే కల్లు మత్తులో ఆపానంటారని అండి."

వీరరాఘవయ్య చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. ఆదిశేషయ్య అప్పటికే మెట్ల మీదికి వెళ్ళి గాలి పీల్చుకుంటున్నాడు. ఓనరు కళ్ళు తిరుగుతున్నట్టు గోడ పట్టుకోవడం చూసి, మరియదాసు మూలనున్న కూజా వైపు చూపించాడు. "మంచినీళ్ళు తాగుతారా అండి?"

వీరరాఘవయ్య కూజా వైపు చూశాడు, గుటక వేశాడు. "కిందికెళ్ళి తాగుతాలే," అన్నాడు. అంత దాహంలోనూ ఆ మనిషికి కులం గుర్తుంది, ఏం చేస్తాం! మెట్లు దిగబోతూ ఆగి, "నూజివీడు బస్సు అయిదింటికుంది, ఎక్కి వెళ్ళు," అని ఆదిశేషయ్యతో అన్నాడు.

సోమవారం శంకరనారాయణని పొద్దుటి బస్సుకే రప్పించి, మొదటిసారి మ్యాట్నీ వేళ కేబిన్‌లో కూచోబెట్టారు. ఆయన ఆ నీలి గొట్టం పీకేసి, "కండెన్సరు, వేడికి చార్జి నిలుపుకోలేకపోతోంది," అని, ఇంకో రకం తెచ్చి పలకకి దూరంగా అతికాడు. పగిలిన సీలు చూసి కూడా ఒక్క మాట అనలేదు. పైగా మరియదాసు వేలి మీది బొబ్బ చూసి, దూదితో ఎట్లా పట్టుకున్నాడో రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

మంగళవారం పొద్దున మరియదాసు చద్దన్నం ముందు కూచుని ఉంటే, రిబ్కా మజ్జిగ పోస్తూ అడిగింది.

"కల్లు మాట వెనక్కి తీసుకున్నాడా?"

"లేదు."

"నలుగురి ముందు అన్నాడు గదా. నలుగురి ముందు కాకపోయినా నీతోనన్నా అనలేదా?"

"లేదే. తాపీమేస్త్రీని పంపిస్తానన్నాడు. కేబిన్ గోడకి కిటికీ పెట్టి, ఒక ఫ్యాను కూడా బిగిస్తారంట. ఆ వేడి తట్టుకోవడం కష్టం పాపం అన్నాడు."

రిబ్కా గిన్నె కింద పెట్టింది. పన్నెండేళ్ళుగా ఆ మనిషి బనీన్లు ఉతికేది ఆమే. ఎన్నిసార్లు ఉతికినా ఉప్పు చారలు పోయేవి కావు.

"ఎవరు తట్టుకుంటారో అని? మిషనా, నువ్వా?"

మరియదాసు ఒక ముద్ద తిని, మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కున్నాడు.

"మిషనేలే," అన్నాడు. "గాలికి ఆ సంగతి తెలియదు గదా."